రాజమండ్రిలో ఇంటికొచ్చి పరుపులు ఏకి కుట్టిచ్చే బండి: మా ఇంటి అనుభవం

దసరా వెళ్లిన రెండో ఆదివారం మా ఇంట్లో రెండు పరుపులు విప్పించి, ఏకించి, వాటితో పాటు ఆరు దిండ్లు కూడా కొత్తగా కుట్టించాం. అన్నీ కలిపి 4,200 రూపాయలు అయింది. ఐదుకి ఐదు మార్కులు వేయాల్సిన పని. మీ ఇంట్లో అటక మీదో మంచం కిందో పాత దూది పరుపు ఉంటే గట్టిపడిపోయిందని చెత్త బండికి వేసేయకండి, ఎండలు ఇలా ఉండగానే ఏకించుకోండి. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేసినా నేను చెప్పాలనుకున్నది చెప్పినట్టే. తీరిక ఉన్నవాళ్లకి మాత్రం మొత్తం చెప్పాలని ఉంది, ఎందుకంటే ఆ రెండు రోజులూ మా ఇంట్లో పండగ తరవాత ఇంకో పండగలా గడిచాయి.

ముందు ఈ కాలం సంగతి. మా ఆడపడుచు కూతురు న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తోంది. అక్టోబరు వచ్చిందంటే ఎర్రగా, నారింజరంగులో ఉన్న చెట్ల ఫొటోలు వరసగా వాట్సాప్‌లో పంపించి, కింద "అత్తా, మీకక్కడ ఫాల్ ఎలా ఉంది?" అని అడుగుతుంది. మనకి ఆకులు రాలేది ఇప్పుడు కాదు కదా, మాఘం ఫాల్గుణం వచ్చాక, శిశిరంలో. ఆశ్వయుజ కార్తీకాల్లో మన చెట్లు వానలకి తలంటు పోసుకుని ఇంకా నిగనిగలాడుతుంటాయి. మరి మాకు శరత్కాలం వచ్చిందని దేన్ని చూసి తెలుస్తుందబ్బా అని ఆలోచించి దానికి పెద్ద మెసేజే పెట్టాను. గోదావరిలో ఎర్రనీళ్లు పోయి నీరు తేటపడుతుంది, బ్రిడ్జి మీంచి చూస్తే ఇసుక తిన్నెలు ఒక్కోటీ పైకి తేలుతుంటాయి. కడియం వైపు నుంచి బంతిపూలు, చేమంతులు బుట్టలకొద్దీ దిగుతాయి. సీతాఫలాలు వస్తాయి, బియ్యం డబ్బాలో దాచిన కాయ ఏ పూటకి పండుతుందో అని పిల్లలు రోజుకి పదిసార్లు నొక్కి చూసి పండకముందే దాన్ని చితక్కొడతారు. అన్నిటికన్నా పెద్ద గుర్తు ఏమిటంటే, వీధిలో ప్రతి డాబా పిట్టగోడ మీదా పరుపులు, బొంతలు, రగ్గులు ఎండకి వేలాడతాయి. మీకు చెట్లు రంగు మారితే మాకు పిట్టగోడలు రంగు మారతాయే అని రాశాను. అది నవ్వు బొమ్మలు ఓ పది పంపి, "అయితే మన పిట్టగోడ ఫొటో పెట్టు" అంది.

ఇంకో గుర్తు ఫ్యాను. ఈ నెలన్నర రోజులూ ఏ ఇంట్లో చూసినా ఇదే గొడవ అని నాకు గట్టి నమ్మకం. పడుకునేటప్పుడు ఉక్కపోత, తెల్లవారుజామున నాలుగింటికి చలి. మా ఆయనకి ఐదు మీద తిరగాలి, నాకు మూడు చాలు. నాలుగింటికి మెలకువ అందరికీ వస్తుంది, లేచి రెగ్యులేటర్ తిప్పడానికి మాత్రం ఎవరూ లేవరు, ఎవరికి వాళ్లు గాఢనిద్రలో ఉన్నట్టు దుప్పటి తమ వైపుకి లాక్కుంటూ ఉంటారు. చివరికి పక్క గదిలోంచి మా మామయ్య గారు "ఎవరో ఒకరు ఆ ఫ్యాను తగ్గించండర్రా, దాని చప్పుడుకే నాకిక్కడ చలేస్తోంది" అని కేకేస్తారు. అప్పుడు నలుగురం ఒకేసారి లేస్తాం.

ఇలా లేచిన ఓ తెల్లవారుజామునే పరుపుల మాట వచ్చింది. ఎనిమిదేళ్ల కింద ఆన్‌లైన్లో ఒక ఫోమ్ పరుపు కొన్నాం, 18,000 రూపాయలు, పదేళ్ల వారంటీ. ఎండాకాలం దాని మీద పడుకుంటే వీపు కింద సెగ తగిలేది, సరేలే అని సర్దుకున్నాం. ఐదో ఏడు వచ్చేసరికి మధ్యలో పల్లం పడింది, అటు పడుకున్నవాళ్లు ఇటు పడుకున్నవాళ్లు అందరూ అర్ధరాత్రికి అక్కడికే చేరుకుంటున్నాం. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ పల్లంలో స్కేలు పెట్టి ఫొటో తీసి పంపమన్నారు. ఒకటిన్నర అంగుళం లోతుంటేనే మారుస్తారట, మాది అంగుళం పావు. మూడో తరగతి చదివే మా అబ్బాయి ఆ మాట విని, మిగతా పావు అంగుళం తను చూసుకుంటానని వారం రోజులు దాని మీద గెంతాడు. అంత గెంతినా అది అంగుళం పావు దగ్గరే ఆగింది. పిల్లాడికి మాత్రం ఆకలి బాగా పెరిగింది.

అప్పుడు అత్తయ్య గారు "నా పరుపు ఉందిగా" అన్నారు. 1984లో పెళ్లికి పుట్టింటివాళ్లు పట్టె మంచంతో పాటు సారెలో ఇచ్చిన పరుపు అది, మంచి పత్తి దూది. పైగదిలో పాత బట్టల మూటల కింద మడత పెట్టి ఉండేది. దానికి తోడు మామయ్య గారి ఒంటిమనిషి పరుపు ఒకటి, దాని మీద ఆయన రోజూ పడుకుంటారు గానీ అది ఎంత గట్టిపడిందంటే పిల్లలు దాని మీద క్యారమ్స్ బోర్డు పెడితే కాయిన్ ఎటూ జారకుండా నిలబడేది. "ఇది పరుపు కాదు నాన్నా, బల్ల" అని మా ఆయన అంటే, "బల్ల మీద పడుకుంటే నడుముకి మంచిది" అనేవారాయన, ఆ వెంటనే నడుం పట్టుకునేవారు.

ఇక బండి సంగతి. చిన్న ట్రాలీ ఆటో, వెనకాల ఏకుడు మిషను, పైన మైకు. "పరుపులు ఏకుతాం, దిండ్లు కుడతాం, పాత పరుపులు కొత్తగా చేస్తాం" అని రికార్డు చేసిన గొంతు పొద్దున్నే వీధి వీధీ తిరుగుతుంది. దసరా సెలవుల నుంచి దీపావళి దాకా, మళ్లీ కార్తీకం మొదట్లో కొన్నాళ్లు మా దానవాయిపేట వైపు వస్తుంది. బోర్డు లేదు, కార్డు లేదు. దూదేకే సాయిబు గారు, వాళ్లావిడ, పాతికేళ్ల కొడుకు, ముగ్గురూ కలిసి చేస్తారు. అత్తయ్య గారు గుమ్మంలోంచి పిలవగానే ఆయన బండి ఆపి, లోపలికొచ్చి, పరుపు పక్క కుట్టు రెండంగుళాలు విప్పి, రెండు వేళ్లతో కాస్త దూది లాగి, వెలుతురుకి పెట్టి మెల్లగా సాగదీసి చూశారు. చూసి "దూది బతికే ఉంది పెద్దమ్మగారూ, పీచు తెగలేదు, నలిగి ఉండ కట్టిందంతే" అన్నారు. అత్తయ్య గారి ముఖం ఆ క్షణాన చూడాలి, పుట్టింటివాళ్లని ఎవరో మెచ్చుకున్నట్టు వెలిగిపోయింది. మామయ్య గారి పరుపు చూసి మాత్రం ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరవాత "దీనికి కాస్త కొత్త దూది కలపాలి సార్" అన్నారు.

నాకు బాగా నచ్చింది ఆయన దిండ్ల విషయంలో చెప్పింది. మా దిండ్లు బూరుగు దూదివి. అవి కూడా మిషనులో వేసేస్తే ఇంకో నాలుగు డబ్బులు వస్తాయి ఆయనకి. కానీ వేయనన్నారు. బూరుగు దూది పీచు నున్నగా, పెళుసుగా ఉంటుంది, ఇనుప పళ్లకి తగిలితే పొడి పొడి అయిపోతుంది, దాన్ని ఎండలో పోసి బెత్తంతో కొట్టి గాలి ఆడనిస్తే చాలు. ఆ పీచుకి పైన మైనం లాంటి పూత ఉంటుంది కాబట్టే నీళ్లు పీల్చదు, అందుకే పూర్వం పడవల్లో వేసుకునే లైఫ్ జాకెట్లలో కూడా బూరుగు దూదే కూరేవారు. పత్తి దూది అలా కాదు, చెమ్మనీ చెమటనీ పీల్చుకుంటుంది, పైన బరువు పడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పీచులు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. దూది అరిగిపోదు, ఊపిరాడక ముడుచుకుపోతుంది. ఏకడమంటే ఆ పీచులని మళ్లీ విడదీసి మధ్యలోకి గాలి పంపించడమే.

శనివారం పొద్దున్నే పరుపులు విప్పి, దూది అంతా డాబా మీద ఎండబెట్టి ఉంచండి, ఆదివారం వస్తాం అన్నారు. ఎండలో బాగా కాగిన దూది మిషనులో ఇట్టే విడిపోతుందట, చెమ్మ ఉంటే రోలర్లకి చుట్టుకుపోతుందట. అందుకే ఈ పనికి ఆశ్వయుజమే సరైన కాలం. వానలు వెనక్కి వెళుతుంటాయి, ఎండ చురుక్కుమంటుంది గానీ వేసవిలోలా మనిషిని కాల్చదు. చేలల్లో కొత్త పత్తి తీత మొదలయ్యేదీ ఇప్పుడే. అక్టోబరు 7 ప్రపంచ పత్తి దినోత్సవం కూడానని మా అమ్మాయి చెప్పింది, అది ఇంటర్లో జనరల్ నాలెడ్జి పుస్తకం పట్టుకుని తిరుగుతోంది లెండి, ఇంట్లో ఎవరు దేని గురించి మాట్లాడినా దానికో తేదీ చెబుతుంది.

నాలుగు పాత చీరలు పరిచి దాని మీద దూది పోశాం. అత్తయ్య గారి పరుపు విప్పుతుంటే లోపలి నుంచి ఒక జడపిన్ను, ఒక చొక్కా గుండీ, ఒక పావలా బిళ్ల వచ్చాయి. ఆ పావలా ఇంట్లో పెద్ద పంచాయితీ తీర్చింది. అత్తయ్య గారు మొదటి నుంచీ "ఈ పరుపు మొన్న మొన్నే ఏకించాం" అంటున్నారు. మామయ్య గారు "నీ మొన్నకి ఇరవై ఏళ్లు" అంటున్నారు. మా అమ్మాయి ఆ బిళ్లని చేతిలోకి తీసుకుని "పావలాలు 2011 జూన్ 30తో చెల్లడం ఆగిపోయాయి నాన్నమ్మా, అంటే ఇది అంతకుముందు నుంచీ ఇందులోనే పడుకుని ఉంది" అని తీర్పు చెప్పింది. మామయ్య గారు ఆ పావలాని కడిగి, కళ్లకి అద్దుకుని, దేవుడి గూట్లో పెట్టారు. అత్తయ్య గారు ఆ రోజు మధ్యాహ్నం ఆయనకి ఇష్టమైన కందా బచ్చలి వండకుండా బీరకాయ వండారు, ఇంకేమీ అనలేదు.

మా అబ్బాయిది ఇంకో సందేహం. బళ్లో వాడికి ధవళేశ్వరం ఆనకట్ట పాఠం అయింది, కాటన్ మ్యూజియానికి కూడా తీసుకెళ్లారు. దూది గుట్ట ముందు కూర్చుని "కాటన్ అంటే దూదేగా, మరి కాటన్ దొర పరుపులు చేసేవారా?" అని అడిగాడు. కాదురా, ఆయన ఇంటిపేరే అది, ఆనకట్ట కట్టించారు, 1852లో పూర్తయింది అని చెప్పాను. కాసేపు ఆలోచించి "నీళ్లు ఆపాలంటే బూరుగు దూది దొర కావాలి కదా" అన్నాడు. మొన్న సాయిబు గారు చెప్పింది వాడు ఎంత శ్రద్ధగా విన్నాడో అప్పుడు అర్థమైంది. ఆ మాట ఇప్పుడు వీధంతా చెప్పుకుంటున్నాం.

మధ్యాహ్నం మూడింటికి కాస్త టెన్షన్ పడ్డాం. అక్టోబరు అంటే మన కోస్తాకి ఎండ నెలా అవును, అల్పపీడనాల నెలా అవును. 2014లో హుద్‌హుద్ విశాఖని కుదిపేసింది అక్టోబరు 12నే, అప్పటి నుంచీ ఈ నెలలో నల్ల మబ్బు కనిపిస్తే మా ఇంట్లో ముందు ఫోన్లు ఛార్జింగ్‌కి పెడతారు, ఆ తరవాతే బట్టలు తీస్తారు. ఆ రోజు తూర్పు నుంచి ఒక మబ్బు లేచింది. అంతే, మా ఆయన, అమ్మాయి, నేను, పక్కింటి పిన్ని గారు, వాళ్ల పని అమ్మాయి, అందరం చీరలకి నాలుగు కొసలూ పట్టుకుని పెళ్లిపల్లకీలు మోసినట్టు దూది మూటల్ని మెట్లమీదుగా దించాం. గాలికి లేచిన దూది పింజలు అందరి జుట్టులోకీ ఎక్కి అరగంటలో అందరం తలలు నెరిసిన వాళ్లమయ్యాం. మామయ్య గారు కింద కుర్చీలో కూర్చుని "ఇప్పుడు అందరూ నా ఈడు వాళ్లే" అని చాలా సంతోషించారు. వాన మాత్రం నాలుగు చినుకులు రాల్చి ధవళేశ్వరం వైపు వెళ్లిపోయింది. మళ్లీ అన్నీ పైకెక్కించాం.

ఆ రాత్రి పరుపుల్లేవు కాబట్టి అందరం హాల్లో చాపల మీద పడుకున్నాం. ఒకే ఫ్యాను. మామయ్య గారు రెగ్యులేటర్ కింద పడుకుని రాత్రంతా ఎవరికి ఎంత కావాలో అంత తిప్పారు.

ఆదివారం ఏడున్నరకి వస్తామన్న బండి తొమ్మిదిన్నరకి వచ్చింది. ముందు తూకం వేశారు, పెద్దది 24 కిలోలు, చిన్నది 11. మిషను పెట్టారు, దానికి కరెంటు మన ఇంటి నుంచే ఇవ్వాలి, పొడుగు వైరు వాళ్లే తెచ్చుకున్నారు. కొడుకు ముక్కుకి గుడ్డ కట్టుకుని దూదిని పిడికెడు పిడికెడుగా అందిస్తుంటే లోపల ఇనుప పళ్ల రోలరు గిర్రున తిరిగి అవతలి వైపుకి ఊదేస్తుంది. ఇటు నుంచి వెళ్లేటప్పుడు మర్నాటి ఇడ్లీలా చల్లగా గట్టిగా ఉన్న ఉండ, అటు నుంచి పీచుమిఠాయిలా వచ్చిపడుతోంది. రంగు పూర్తిగా తెల్లబడదు, నలభై ఏళ్ల దూది కదా, మీగడ రంగులో ఉంటుంది. గంటన్నరలో వరండాలో నా నడుమెత్తు గుట్ట అయింది, అదంతా ఆ ఒక్క పరుపులోంచే వచ్చిందంటే పక్కింటివాళ్లు నమ్మలేదు. అందులో దూకుతానని మా అబ్బాయి బతిమాలాడు, సాయిబు గారు "దుమ్ము బాబూ, ముక్కులోకి పోతుంది, కుట్టాక నీ ఇష్టం" అని మాట ఇచ్చారు.

దుమ్ము విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మిషను ఆడినంతసేపూ సన్నటి నూగు గాలిలో ఉంటుంది. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లు, చంటిపిల్లలు ఉంటే ఆ రెండు మూడు గంటలు బంధువుల ఇంటికి పంపేయండి. మేం అత్తయ్య గారిని గుడికి పంపాం. రోజూ ఈ నూగులో పనిచేసేవాళ్లకి ఊపిరితిత్తులు పాడవుతాయి, ఒట్టి గుడ్డ చాలదు. నేను మంచి మాస్కులు ఓ డజను తెచ్చి ఇచ్చాను, మీరు పిలిచినా ఆ పని చేయండి. వాళ్ల నాన్నగారి కాలంలో విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవారట, నారి మీద చెక్కగుండుతో కొడితే టుంగ్ టుంగ్ మని వీధి చివరికి వినిపించేదని అత్తయ్య గారు గుర్తు చేసుకున్నారు. ఆ విల్లు ఇప్పటికీ వాళ్లింట్లో గోడకి వేలాడుతోందని సాయిబు గారు చెప్పారు.

కుట్టడం చూడటానికే ఒక పూట పడుతుంది, కుర్చీ వేసుకుని కూర్చోవాలి. గుడ్డ మేమే తెచ్చాం, తాడితోటలో మీటరు 90కి నీలం చారల పరుపు గుడ్డ 14 మీటర్లు. వాళ్లావిడ కొలత కూడా రాసుకోకుండా జేనలతో కొలిచి కత్తిరించి, చిన్న మిషను మీద సంచిలా కుట్టేశారు. దూది నింపాక, సాయిబు గారు సన్నటి బెత్తంతో పరుపుని తల నుంచి కాళ్ల వైపుకి కొట్టుకుంటూ వచ్చారు, ఎక్కడ ఎత్తుంటే అక్కడ రెండు దెబ్బలు, ఎక్కడ పల్లముంటే అక్కడికి అరచేత్తో తోపు. తరవాత దబ్బనం. బొటనవేలికి గుడ్డ పట్టీ చుట్టుకుని, పై నుంచి దించి, కింద నుంచి చెయ్యి పెట్టి లాగి, మళ్లీ పైకి పంపి, ముడి వేసే ముందు దారం కింద వేలెడంత గుడ్డపేలిక మడిచి పెట్టారు. అదెందుకండీ అంటే, "పేలిక లేకపోతే దారం గుడ్డని కోసేస్తుందమ్మా, ఏడాదికే ముడి లోపలికి జారిపోతుంది" అన్నారు. జానెడుకొక ముడి, వరస తప్పలేదు. నేను లెక్కపెట్టాను, పెద్ద పరుపుకి 63 ముడులు, 63కీ పేలికలు ఉన్నాయి. అంచు కుట్టు కూడా చేత్తోనే, చీమలు నడిచినట్టు సన్నగా.

డబ్బుల లెక్క ఇది. దుమ్ము పోయాక మళ్లీ తూచారు, రెండూ కలిపి 33 కిలోలు తేలింది, మేం అడక్కుండానే ఆ తూకానికే కూలి కట్టారు. ఏకుడు, కుట్టు కలిపి కిలోకి 60 చొప్పున 1,980. కొత్త దూది మూడు కిలోలు 660. గుడ్డ 1,260. దిండుకి 50 చొప్పున 300. ఇంత నిక్కచ్చిగా పాత బరువుకీ కొత్త బరువుకీ తేడా చూసి తగ్గించి తీసుకున్న పనివాళ్లని నేను ఈ మధ్య చూడలేదు. ఇలా ఒకసారి చేయిస్తే నాలుగైదేళ్లు చూసుకోనక్కర్లేదట, మధ్యమధ్యలో ఎండ చూపిస్తే చాలు. ఫోమ్ పరుపుకి పెట్టిన డబ్బుతో ఇలా నాలుగుసార్లు చేయించుకోవచ్చు.

ఆ రాత్రి పెద్ద పరుపుని ముందు డాబా మీద వేసుకున్నాం, గదిలోకి మర్నాడు చేర్చవచ్చులే అని. పౌర్ణమి వెళ్లి అప్పటికి ఐదారు రోజులు కాబట్టి చంద్రుడు పదిన్నరకి గానీ రాలేదు. వచ్చాక మాత్రం అందరం మాటలు ఆపేశాం. నన్నయ గారు ఈ ఊళ్లోనే రాజరాజ నరేంద్రుడి కొలువులో ఉండి భారతం తెలుగు చేశారు, ఆయన చేతి మీదుగా వచ్చిన చివరి పద్యం శరత్కాలపు రాత్రుల మీదేనని మామయ్య గారు చెప్పి, ఆ పద్యం మొత్తం రాగం తీసి చదివారు. చదవడం అవ్వగానే గురక మొదలైంది. నడుం గురించి ఒక్క మాట కూడా అనకుండా ఆయన నిద్రపోవడం ఈ ఇంటికొచ్చాక నేను చూడటం అదే మొదటిసారి.

ఇబ్బందులు కూడా చెప్పాలి. కొత్తగా ఏకిన పరుపు మొదటి పది పన్నెండు రోజులు మధ్యలో ఎత్తుగా ఏనుగు వీపులా ఉంటుంది, అంచున పడుకున్నవాళ్లు జారతారు. మా పట్టె మంచం అసలే ఎత్తు, దాని మీద ఇది ఎక్కేసరికి అత్తయ్య గారికి పీట వేయాల్సి వచ్చింది, దోమతెర కిందికి దోపడానికి అందలేదు. రెండు వారాలకి అణుగుతుంది, అణిగింది కూడా. దిండ్లలో ఒకటి మరీ నిండుగా కూరారు, చెబితే మర్నాడు అటువైపు వెళుతూ ఆగి గుప్పెడు తీసి కుట్టిచ్చారు. సమయానికి రారు, రెండు గంటలు అటూ ఇటూ అనుకోండి. ఫోన్ ఎత్తరు, మిషను చప్పుడులో వినపడదు. మిషను ఆడేటప్పుడు వీధిలో ఎవరి టీవీ ఎవరికీ వినపడదు, పక్కవాళ్లకి ముందు రోజే ఓ మాట చెప్పండి, కాఫీ కూడా వాళ్లకే ముందు ఇవ్వండి. వరండా, మెట్లు కడుక్కోవడానికి ఇంకో పూట పోతుంది.

బండి కావాలంటే మైకు వినపడగానే గుమ్మంలోకి పరిగెత్తడం ఒకటే దారి, పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్యలో. ఈసారి మా వీధిలోనే తొమ్మిది ఇళ్లవాళ్లు పట్టుకున్నారు, నాగుల చవితి దాటేదాకా ఖాళీ లేదన్నారు. వనభోజనాలకి బొంతలు కావాలని మా వీధి ఆడవాళ్లం పాత చీరలు కూడా పోగేస్తున్నాం, అవి వాళ్లావిడ కుడతారట, ధర ఇంకా అడగలేదు. పక్కింటి పిన్ని గారు బండి ఎప్పుడొస్తుందో కనుక్కోకుండానే తొందరపడి వాళ్ల రెండు పరుపులూ విప్పేశారు, దూది మూటలు కట్టుకుని కూర్చున్నారు. అందాకా పడుకోవడానికి ఏదైనా ఉందా అని అడిగితే మా ఫోమ్ పరుపు ఇచ్చాం. తిరిగి ఇవ్వక్కర్లేదని కూడా చెప్పాం.